ఇంట్లో ఫైబర్ నెట్ స్లో: లోపం లైన్‌లోనా, వైఫైలోనా?

నెట్ స్లో అనగానే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తాం. వాళ్లు "రౌటర్ ఒకసారి ఆపి ఆన్ చేయండి" అంటారు. రెండు రోజులకు మళ్లీ అదే కథ. లోపం వీధి స్తంభం నుంచి వచ్చే లైన్‌లో ఉందో, ఇంట్లోని వైఫైలో ఉందో తేలకుండా ఏం మార్చినా గుడ్డెద్దు చేలో పడ్డట్టే. అది తేల్చడానికి ఒక ల్యాన్ కేబుల్ చాలు.

ముందు ఫోన్లు, టీవీ, కెమెరాలు అన్నిట్లో వైఫై ఆపండి. ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో రౌటర్ ల్యాన్ పోర్టుకి కలిపి, దాని వైఫై కూడా ఆపేసి స్పీడ్ టెస్ట్ చేయండి. ప్లాన్ స్పీడుకి దగ్గరగా వస్తే లైన్ బాగున్నట్టే, చూడాల్సింది వైఫైని. ఇక్కడ చాలామంది పొరబడే లెక్క ఒకటుంది. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 100 మెగాబిట్లు. 8 బిట్లు ఒక బైట్, కాబట్టి ఫైల్ దిగేటప్పుడు సెకనుకు 12.5 మెగాబైట్లకు మించి కనిపించదు. 11 కనిపిస్తున్నా లోపమేమీ లేనట్టే.

వైరు పెట్టినా 94 దాటడం లేదు

ప్లాన్ 200 లేదా 300 ఉండి, ఎన్నిసార్లు చూసినా 92–95 దగ్గరే ఆగితే ఆపరేటర్‌ని అనకండి. 100 ఎంబీపీఎస్ లింకు మీద చేతికందేది అంతే. రౌటర్ పోర్టో ల్యాప్‌టాప్ పోర్టో పాతరకం కావచ్చు, లేదా కేబుల్‌లో తీగ తెగి ఉండవచ్చు. గిగాబిట్‌కి లోపలున్న 8 తీగలూ పనిచేయాలి. 100కి 4 చాలు కాబట్టి, మిగతా 4లో ఒక తీగ జాక్‌లో సరిగా క్రింప్ కాకపోయినా (నొక్కి బిగించకపోయినా) లింకు చప్పుడు లేకుండా 100కి దిగిపోతుంది. క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6 కేబుల్ మార్చి చూడండి. ఫైబర్ పెట్టె (ఓఎన్‌టీ) వేరు, రౌటర్ వేరు అయిన ఇళ్లలో ఆ రెంటి మధ్య జానెడు కేబుల్ ఒకటుంటుంది. దాన్ని మార్చాలన్న ఆలోచనే ఎవరికీ రాదు.

రౌటర్ పక్కన బాగుంది, పడకగదిలో రాదు

ఎక్కువ ఇళ్లలో అసలు సమస్య ఇదే. రౌటర్ రెండు బ్యాండ్లలో వైఫై ఇస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ దూరం వెళ్తుంది కానీ స్పీడు తక్కువ. 5 గిగాహెర్ట్జ్ స్పీడు ఎక్కువే కానీ ఇటుక గోడలు రెండు దాటేసరికి నీరసిస్తుంది, శ్లాబు దాటి పై అంతస్తుకి వెళ్లడం మరీ కష్టం. ఫైబర్ లోపలికి వచ్చిన కిటికీ మూలనే, టీవీ వెనకో ఇనుప బీరువా పక్కనో రౌటర్ బిగించేసి వెళ్తే సగం సిగ్నల్ అక్కడే పోయినట్టు. ఇంటి మధ్యలో, తల ఎత్తున, చుట్టూ ఖాళీ ఉండేలా పెట్టించండి. దానికి ఫైబర్ వైరు అదనంగా కావాలని ఆపరేటర్‌ని అడగండి.

అపార్ట్‌మెంట్లలో 2.4 మీద పక్క ఫ్లాట్ల రౌటర్లన్నీ తోసుకుంటుంటాయి. ఒకదాని మీద ఒకటి పడని చానళ్లు 1, 6, 11 మూడే. వైఫై అనలైజర్ యాప్‌లో ఏది ఖాళీగా ఉందో చూసి, రౌటర్ పేజీలో (బ్రౌజర్‌లో రౌటర్ అడ్రస్ కొడితే తెరుచుకునే సెట్టింగ్స్ పేజీ) అదే పెట్టండి, చానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ ఉంచండి. 40 పెడితే స్పీడు పెరుగుతుందనుకుంటారు, రద్దీలో జరిగేది ఉల్టా. 5 గిగాహెర్ట్జ్‌లో 36–48 చానళ్లు నమ్మకం. 52–144 రాడార్లతో పంచుకునేవి. రాడార్ ఉందనిపిస్తే రౌటర్ ఆ చానల్ వదిలి వేరేదానికి మారాలి, ఆ కాసేపు వైఫై మాయమవుతుంది.

అదే పేజీలో వైఫై సెక్యూరిటీ టీకేఐపీ అనే పాత పద్ధతిలో ఉంటే పాత ప్రమాణాల 54 ఎంబీపీఎస్ దగ్గరే వైఫై ఆగిపోతుంది. దాని తర్వాత వచ్చిన డబ్ల్యూపీఏ2 ఏఈఎస్‌కి మార్చండి.

ఇంత చేసినా పై అంతస్తుకి అందకపోతే చవక రిపీటర్ కొనకండి. ఒకే బ్యాండ్ మీద విని మళ్లీ అదే బ్యాండ్ మీద చెప్పే రిపీటర్ స్పీడుని సగం తినేస్తుంది. పైకి ఒక ల్యాన్ కేబుల్ లాగి పాత రౌటర్‌నే వాడుకోండి. దాని అడ్రస్ 192.168.1.2 లాంటిదానికి మార్చి, డీహెచ్‌సీపీ (ఫోన్లకు అడ్రసులు పంచే పని) ఆపి, కేబుల్‌ని బయటి లైన్ కోసం ఉండే వ్యాన్ పోర్టుకి కాక ల్యాన్ పోర్టుకి పెట్టండి. డీహెచ్‌సీపీ ఆపడం మరిస్తే రెండు రౌటర్లూ అడ్రసులు పంచుతాయి, కొన్ని ఫోన్లకు నెట్ వస్తుంది, కొన్నిటికి రాదు.

నెట్ తెగి, మళ్లీ వస్తోంది

ఫైబర్‌లో నెట్ వెలుతురుగా వస్తుంది. ఫైబర్ పెట్టె మీద ఎల్‌ఓఎస్ (సిగ్నల్ లేదు) లైటు ఎర్రగా వెలిగితే ఇంటికి ఆ వెలుతురే అందడం లేదు. స్తంభం దగ్గర తెగిందో, ఎలుక కొరికిందో, ఇంట్లోనే వైరు మడత పడిందో చూడాలి. మామూలు ఫైబర్‌ని 6 సెంటీమీటర్ల అడ్డుకొలత కన్నా చిన్న చుట్టగా చుట్టకూడదు.

లైటు ఎర్రబడకుండానే తెగుతుంటే రౌటర్ పేజీలో ఆర్ఎక్స్ పవర్ (ఇంటికి అందుతున్న వెలుతురు బలం, డీబీఎంలలో) చూడండి. మైనస్ 15 నుంచి మైనస్ 24 డీబీఎం దాకా నిశ్చింత. మైనస్ 27 అంచు. ప్రతి 3 డీబీకీ వెలుతురు సగమవుతుంది. ఒక మాట గుర్తుంచుకోండి: వెలుతురు తగ్గితే నెట్ తెగుతుంది, అంతేగానీ రోజంతా ఒకే తీరున నెమ్మదిగా నడవదు. అలా నడిస్తే కారణం వేరే. ఆకుపచ్చ కనెక్టర్ ఉండాల్సిన చోట నీలంది దూర్చి వెళ్లినా పవర్ పడిపోతుంది, రంగులు కలిశాయో లేదో చూడండి. ఫైబర్ కొసని కంటితో చూడకండి, ఆ కాంతి కనిపించదు గానీ కంటికి ప్రమాదం.

ఆర్ఎక్స్ పవర్ బాగుండి రౌటర్ దానంతటదే రీస్టార్ట్ అవుతుంటే అడాప్టర్ నీరసించి ఉంటుంది. రౌటర్ అడుగున రాసిన వోల్టులే ఉండాలి (ఎక్కువగా 12), ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ. మినీ యూపీఎస్‌కీ ఇదే లెక్క.

ఎవరో ఫొటోలు ఎక్కిస్తుంటే ఇల్లంతా నిలిచిపోతోంది

అప్‌లోడ్ నిండిపోతే డౌన్‌లోడ్ కూడా ఆగుతుంది, ఎందుకంటే ప్రతి డౌన్‌లోడ్‌కీ "అందింది" అనే జవాబు అప్‌లోడ్ దారినే వెళ్లాలి. ఫొటో బ్యాకప్‌ని రాత్రికి మార్చండి. క్లౌడ్ కెమెరాల క్వాలిటీ తగ్గించండి. రౌటర్‌లో క్యూఓఎస్ (ఏ పనికి ఎంత స్పీడో పంచే సెట్టింగ్) ఉంటే అప్‌లోడ్‌ని అసలు స్పీడులో 90 శాతానికి పరిమితం చేయండి.

సాయంత్రం మాత్రమే స్లో

ముందు ఆపరేటర్ యాప్‌లో నెల వాడకం చూడండి, డేటా పరిమితి దాటితే స్పీడు వాళ్లే తగ్గిస్తారు. అది కాకపోతే రద్దీ. వైరు మీద ఉదయం 7కి, రాత్రి 9కి మూడు రోజులు టెస్ట్ చేసి స్క్రీన్‌షాట్లు పెట్టుకోండి. టెస్ట్ యాప్ సాధారణంగా దగ్గరి సర్వర్‌ని, చాలాసార్లు ఆపరేటర్ సొంత సర్వర్‌నే ఎంచుకుంటుంది. దాన్ని మార్చి చెన్నై, ముంబై సర్వర్లతోనూ చూడండి. ఫిర్యాదులో "వైరు మీద ఉదయం ఇంత, రాత్రి ఇంత, ఆర్ఎక్స్ పవర్ ఇంత" అని రాసి, స్క్రీన్‌షాట్లు జతచేసి, టికెట్ నంబరు తీసుకోండి.