ఐర్లండ్ పల్లెలో ఖాళీ ఇంట్లో దీపం పెట్టాలంటే

మా పాలమూరు వైపు వలస పోయినవాళ్ల ఇళ్లను చూసి ‘దీపం పెట్టే దిక్కు లేదు’ అంటారు. ఐర్లండ్‌లోని లీట్రిమ్ కౌంటీలో ఒక వృద్ధాశ్రమానికి నర్సుగా వచ్చిన కొత్తలో, పనికి వెళ్లే దారిలో అలాంటి ఇళ్లు లెక్కపెట్టాను. ఇరవై కిలోమీటర్లలో పద్నాలుగు. అప్పుడు మేం నలుగురం ఒక్క గదిలో అద్దెకు ఉంటున్నాం. 2022 జనగణన ప్రకారం 51 లక్షల జనాభా ఉన్న ఈ దేశంలో 1,66,752 ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. వాటిలో 48,387 ఇళ్లు 2016లో లెక్కపెట్టినప్పుడు కూడా ఖాళీగానే కనిపించాయి. ఆ సంఖ్య చదివిన రోజే నేనూ మా ఆయనా ఒక ఇంట్లో దీపం పెడదామని నిర్ణయించుకున్నాం.

కొత్త ఇల్లు ఎందుకు కట్టుకోకూడదని మావాళ్లు అడుగుతుంటారు. ఇక్కడ పొలాల మధ్య స్థలం కొన్నంత మాత్రాన ఇల్లు కట్టనివ్వరు. చాలాచోట్ల ఆ ప్రాంతంతో మీకు పుట్టుక వల్లనో పని వల్లనో సంబంధం ఉందని కౌంటీ కౌన్సిల్‌కు, అంటే స్థానిక ప్రభుత్వానికి, రుజువు చూపాలి. పల్లెల్లో ఇళ్లు ఎక్కడపడితే అక్కడ చెల్లాచెదురుగా పెరగకూడదని పెట్టిన నియమం అది. పాత ఇంటిని బాగుచేసుకోవడానికి ఆ షరతు అడ్డు రాదు. మాలాంటి బయటివాళ్లకు పల్లెలోకి తెరిచి ఉన్న తలుపు అదే.

ప్రభుత్వ సాయం కూడా దానికే ఉంది. ఖాళీ ఇళ్ల మరమ్మతు గ్రాంటు 2022 జూలైలో మొదలైంది. 2023 మే నుంచి దాన్ని గరిష్ఠంగా 50,000 యూరోలకు, కూలిపోయే స్థితిలో ఉన్న ఇంటికైతే 70,000కు పెంచారు. ఇల్లు 2007లోనో అంతకుముందో కట్టినదై, కనీసం రెండేళ్లుగా ఖాళీగా ఉండాలి. మీరు ఉండటానికైనా సరే, అద్దెకిచ్చేందుకైనా సరే.

ఇల్లు వెతికేటప్పుడు ప్రకటనల మీదే ఆధారపడకండి. ప్రతి కౌంటీ కౌన్సిల్‌లోనూ ఖాళీ ఇళ్ల అధికారి ఉంటారు, ముందు ఆయనతో మాట్లాడండి. ఆ తర్వాత పక్కింటి తలుపు తట్టండి. మా ఇంటి యజమానుల్లో ఒకరు ఆస్ట్రేలియాలో, ఒకరు డబ్లిన్‌లో ఉన్నారని, బావి ఎక్కడుందని, ఏ గేటు మీదుగా పక్కవాళ్ల ఆవులకు దారి హక్కు ఉందని మాకు చెప్పింది పక్కనున్న పెద్దాయనే. ఆయన చెప్పినదాన్ని సొలిసిటర్ ఫోలియోతో, అంటే భూమి రిజిస్ట్రీలోని హక్కు పత్రంతో, పోల్చి చూశారు. అన్నదమ్ముల మధ్య పంపకం తేలని ఇల్లయితే ఎంత చవకైనా జోలికి పోకండి.

బయానా పూర్తిగా కట్టకముందే, ఇంటి పటిష్ఠతను పరీక్షించే సర్వేయరును తీసుకెళ్లండి. ఆ ఖర్చు దగ్గర వెనకాడవద్దు. డొనెగాల్, మేయో వంటి కౌంటీల్లో కొన్నేళ్ల కిందట కట్టిన సిమెంటు దిమ్మెల ఇళ్లు, దిమ్మెల్లో చేరిన ఖనిజాల వల్ల పగుళ్లిచ్చి పిండిపిండి అవుతున్నాయి. ఆ కాలపు ఇల్లయితే గోడ నమూనా తీయించి పరీక్ష చేయించాల్సిందే. రాతి ఇంటికి ఆ బెడద లేదు. కానీ చాలాకాలం పాడుబడి ఉంటే, దాన్ని ఇల్లుగా వాడటమే మానేశారని కౌన్సిల్ భావించి కొత్త అనుమతి అడగవచ్చు. అందుకే, చేయబోయే పనికి అనుమతి అవసరమా కాదా అన్నది ముందే లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

గ్రాంటు దరఖాస్తులో మమ్మల్ని ఎక్కువగా తిప్పింది ఖాళీగా ఉందన్న రుజువు. కరెంటు బిల్లులే దానికి ప్రధాన ఆధారం. అమ్మేవాళ్లను మొదటి రోజే అడగండి, రిజిస్ట్రేషన్ అయ్యాక వాళ్లు దొరకరు. ఇల్లు ఇంకా మీ పేరు మీదికి రాకపోయినా, కొనుగోలు నడుస్తున్నదని చూపి దరఖాస్తు చేసుకోవచ్చు. పనుల అంచనాలు జతచేయాలి. ఒక్కో రకం పనికి ఒక్కో పరిమితి ఉంటుంది కాబట్టి మేస్త్రీ చేత పైకప్పు, కిటికీలు, వైరింగు విడివిడిగా రాయించండి.

గ్రాంటు మంజూరు ఉత్తరం చేతికి రాకుండా ఒక్క పెంకు కూడా తీయకండి. వేరే కౌంటీలోని మా స్నేహితులు వానాకాలం వచ్చేస్తోందని ముందే పైకప్పు మార్చుకున్నారు. ఆ ఖర్చులో ఒక్క యూరో కూడా తిరిగి రాలేదు.

పైకప్పు అంటే గబ్బిలాల మాట కూడా చెప్పాలి. ఇక్కడ వాటికి చట్టరక్షణ ఉంది. అటకలో రెట్టలు కనిపిస్తే పని ఆపి, వన్యప్రాణి శాఖకు తెలియజేయాలి. చుట్టూ ఉన్న కంచె పొదలను మార్చి 1 నుంచి ఆగస్టు 31 వరకు నరకకూడదు. అది పక్షులు గూళ్లు పెట్టే కాలం. ఇల్లు మా చేతికి ఏప్రిల్‌లో వచ్చింది, సెప్టెంబరు దాకా ముళ్ల మధ్యనుంచే నడిచాం. ఆ పొదలో పిచ్చుకల్లాంటి చిన్న పక్షులు పిల్లలకు మేత పెట్టడం మా పాప వెళ్లిన ప్రతిసారీ చూసింది.

రాతి గోడలకు సిమెంటు పూయించవద్దు. రెండడుగుల మందమున్న ఆ గోడలు తేమను పీల్చుకుంటాయి, వదులుతాయి. సిమెంటు పూస్తే నీరు లోపలే ఉండిపోయి బూజు పడుతుంది. మా తాతగారి ఇంట్లో గానుగలో ఆడించిన డంగుసున్నం ఎందుకు వాడారో నాకు లీట్రిమ్‌లోనే అర్థమైంది. ఇక్కడి పాత మేస్త్రీలదీ సున్నమే. దానికి కూలి ఎక్కువ, ఆరడానికి వారాలు పడుతుంది. అయినా అదే చేయించండి.

ఇంటిని వెచ్చగా ఉంచే విషయంలో తొందరపడి చమురుతో నడిచే బాయిలరు పెట్టించకండి. ఇక్కడ ఇంధనాల మీద వేసే కార్బన్ పన్ను, టన్ను కార్బన్ డయాక్సైడుకు ఏటా 7.50 యూరోల చొప్పున (చివరి ఏడాది 6.50) పెరిగి 2030 నాటికి 100కు చేరేలా చట్టం చేశారు. చమురు కొన్న ప్రతిసారీ ఆ భారం మీ మీదే పడుతుంది. ముందు అటకకు, గోడలకు చలి ఆపే పొర వేయించి, తర్వాతే హీట్ పంపు, అంటే బయటి గాలిలోని వేడిని కరెంటుతో ఇంట్లోకి తెచ్చే యంత్రం, ఆలోచించండి. వీటికి ప్రభుత్వ ఇంధన సంస్థ ఇచ్చే గ్రాంటులు వేరుగా ఉన్నాయి. ఒకే పనికి రెండు చోట్లా అడగకూడదు, అంతే.

డబ్బు మాత్రం పని పూర్తయి, తనిఖీ జరిగాకే మాకు వచ్చింది. అందాకా చేతి నుంచే పెట్టుకున్నాం. గ్రాంటు మొత్తాన్ని చేతిలో ఉన్నట్టు లెక్కేసుకుని మేస్త్రీకి మాట ఇవ్వకండి. ఇంటి మీద కౌన్సిల్‌కు హక్కు కూడా నమోదవుతుంది. అయిదేళ్లలోపు అమ్మితే మొత్తం, అయిదు నుంచి పదేళ్ల మధ్య అమ్మితే 75 శాతం తిరిగి కట్టాలి.

పిల్లలుంటే ఇంకొక తేదీ గుర్తుంచుకోండి. వచ్చే ఏడాది బడికి ఎంతమంది టీచర్లుండాలో ఈ ఏడాది సెప్టెంబరు 30న ఉన్న పిల్లల సంఖ్యను బట్టి తేలుతుంది. ఇద్దరు టీచర్ల పల్లె బడికి ఒకరిద్దరు పిల్లలు కూడా ఎంతో విలువైనవాళ్లు. మాకు అప్పటికి వంటగదికి తలుపులు కూడా లేవు. అయినా సెప్టెంబరు రెండో వారంలోనే ఆ ఇంట్లో దిగి, మరునాడే ఇద్దరినీ బడిలో చేర్చాం.