పాత కారు మీటర్ బోర్డు పనిచెయ్యట్లేదా? మీటర్ మార్చే ముందు ఇవి చూడండి

పాత మారుతి 800, అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని ఇంకా వాడుతున్నవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే: పెట్రోల్ ముల్లు లేవట్లేదు, టెంపరేచర్ ముల్లు ఊరికే పైకి పోతోంది, మెకానిక్కేమో మీటర్ బోర్డు మొత్తం మార్చాలంటున్నాడు, ఏం చెయ్యాలి అని. ఇప్పుడే మార్చకండి. ఈ బండ్లలో మీటర్ లోపల పాడవ్వడానికి పెద్దగా ఏమీ ఉండదు. తుప్పు పట్టిన ఎర్త్ (కరెంటు బాడీ ద్వారా బ్యాటరీ నెగటివ్‌కి తిరిగి వెళ్లే దారి), లూజైన కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు), ట్యాంక్‌లో పెట్రోల్ ఎంతుందో చూసే అరిగిపోయిన ఫ్లోట్, ఎక్కువ సార్లు దొంగలు ఇవే. అవన్నీ బాగున్నాయని తేలాకే మీటర్ జోలికి వెళ్లండి.

సామాను పెద్దగా అక్కర్లేదు. 12 వోల్టుల టెస్ట్ లాంప్, ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్, కొంచెం ఉప్పు కాగితం, ఇంకా రెండు వైర్లు తగిలించిన 3 వాట్ల చిన్న బల్బు. ఈ చిన్న బల్బు ఎందుకో కింద చెప్తాను. చెకింగ్‌కి ఎలాగూ కరెంటు కావాలి గానీ వైర్లు విప్పేటప్పుడు, మీటర్ బయటికి లాగేటప్పుడు మాత్రం బ్యాటరీ నెగటివ్ తీసేయండి, చేతికి ఉంగరం, మెటల్ వాచీ ఉంటే అవీ తీసి పక్కన పెట్టండి.

ముందు చూడాల్సింది ఒక్కటే పోయిందా, అన్నీ పోయాయా అని. అన్నీ ఒకేసారి పోతే ఫ్యూజ్ దగ్గరికి వెళ్లండి. కంటికి బాగానే కనబడింది కదా అని వదిలేయొద్దు, పాత గాజు ఫ్యూజుల్లో లోపల తీగ బాగానే ఉంటుంది కానీ రెండు చివర్లూ, పట్టుకునే క్లిప్పులూ నల్లబడి కరెంటు పోదు. తాళం ఆన్ చేసి, టెస్ట్ లాంప్ ఒక కొన బాడీకి తగిలించి, ఇంకో కొన ఫ్యూజ్‌కి ఒక్కో వైపు విడిగా పెట్టి చూడండి, ఒక వైపు వెలిగి ఇంకో వైపు వెలక్కపోతే విషయం అక్కడే. ఉప్పు కాగితంతో రుద్దితే సరిపోతుంది. ఫ్యూజ్ మాటిమాటికీ పోతుంటే సిగరెట్ రేకు చుట్టడం, పెద్ద ఆంపియర్‌ది వెయ్యడం మాత్రం దయచేసి చెయ్యొద్దు, అప్పుడు ఫ్యూజ్ బదులు డ్యాష్‌బోర్డు లోపలి వైరింగ్ కాలుతుంది.

ఇక ఎర్త్. హెడ్‌లైట్ వెయ్యగానే ముళ్లన్నీ కదులుతున్నాయా, ఇండికేటర్ వేస్తే మీటర్ లైట్లు కూడా దాంతోపాటు కొట్టుకుంటున్నాయా, అయితే ఎర్త్ పోయినట్టే అనుకోండి. మల్టీమీటర్‌ని డీసీ వోల్ట్స్‌లో పెట్టి ఒక వైరు బ్యాటరీ నెగటివ్‌కి, ఇంకోటి మీటర్ ఎర్త్ వైరుకి పెట్టి హెడ్‌లైట్ వెయ్యండి. 0.1, 0.2 వోల్టుల లోపు ఉంటే పర్లేదు, అర వోల్టు దాటిందంటే ఎక్కడో తుప్పుంది. బోల్టు విప్పి కింద పెయింట్, తుప్పు పోయి మెరిసే ఇనుము కనబడే దాకా రుద్ది, బిగించి, పైన కాస్త వాసలిన్ రాయండి. ఇంజన్ నుంచి బాడీకి వెళ్లే అల్లిన ఎర్త్ పట్టీ కూడా చూడండి, అది తెగితే వచ్చే చిత్రాలు అన్నీ ఇన్నీ కావు.

పెట్రోల్, టెంపరేచర్ రెండు ముళ్లూ ఒకేసారి తప్పు చూపిస్తుంటే, అంటే రెండూ కిందే పడుకోవడమో రెండూ ఉండాల్సినదానికంటే పైన ఉండడమో జరిగితే, మీటర్ వెనక వోల్టేజ్ స్టెబిలైజర్ అని చిన్న రేకు డబ్బా ఉందేమో చూడండి. చాలా పాత మీటర్లలో ఉంటుంది. బ్యాటరీ దగ్గర వోల్టేజ్ ఇంజన్ ఆపితే 12.5, నడుస్తుంటే 14 దాకా మారుతుంది కాబట్టి, దాంతోపాటు ముళ్లు ఊగకుండా ఇది సప్లై నిలకడగా ఇస్తుంది, బ్రిటిష్ కంపెనీ స్మిత్స్ మీటర్లలో సగటున 10 వోల్టులు. దీనికి ఎర్త్ అందకపోతే రెండు ముళ్లూ పైకి పోతాయి, ఇది పూర్తిగా చచ్చిపోతే రెండూ లేవవు.

ఒక్క పెట్రోల్ ముల్లే పడుకుంటే ట్యాంక్ మీద ఫ్లోట్‌కి వెళ్లే వైరు తీయండి. తాళం ఆన్ చేసి ఆ వైరుని మన 3 వాట్ల బల్బు ద్వారా బాడీకి ఎర్త్ చెయ్యండి. డైరెక్టుగా ఎర్త్ చేసి అలాగే పట్టుకుంటే మీటర్ లోపలి చుట్ట కాలే ప్రమాదం ఉంది, బల్బు అడ్డం ఉంటే ఆ భయం లేదు. చాలా బండ్లలో కొన్ని సెకన్లలో ముల్లు మెల్లగా పైకి కదులుతుంది. కదిలిందంటే మీటరూ వైరూ రెండూ మంచివే, ఫ్లోటో దాని ఎర్తో పోయింది. కదల్లేదంటే మధ్యలో వైరు తెగింది, లేకపోతే మీటర్ దగ్గరికే కరెంటు రావట్లేదు. పెట్రోల్ ఆవిరి ఉన్నచోట చిన్న నిప్పురవ్వ చాలు, కాబట్టి ట్యాంక్ మూత తీసి ఉన్నప్పుడు, పెట్రోల్ కారుతున్నప్పుడు ఈ పని అస్సలు పెట్టుకోవద్దు, వీలైతే ట్యాంక్‌కి దూరంగా ఉన్న కప్లర్ దగ్గరే చెయ్యండి. ముల్లు సగం వరకూ బాగా వచ్చి అక్కడ ఎగిరెగిరి పడుతుంటే ఫ్లోట్ లోపల తీగ చుట్ట ఆ చోట అరిగింది, అది మార్చాల్సిందే.

టెంపరేచర్ దగ్గర మాత్రం కొంచెం ఓపిగ్గా ఉండండి, ఎందుకంటే ఇది నిర్లక్ష్యం చేస్తే పోయేది మీటర్ కాదు, ఇంజన్. మే నెల ఎండలో ట్రాఫిక్‌లో ముల్లు పైకి పోతే సెన్సర్ అబద్ధం చెప్తోందిలే అనుకుని తోలేవాళ్లని చూస్తే నాకు భయమేస్తుంది, మారుతి 800 ఇంజన్ హెడ్ (ఇంజన్ పై భాగం) అల్యూమినియంది, బాగా వేడెక్కితే వంగిపోతుంది. ముందు బండి ఆపి, పూర్తిగా చల్లారాక రేడియేటర్‌లో నీళ్లు, ఫ్యాన్ చూసుకోండి. అవి బాగుంటే అప్పుడు వైరింగ్. సెన్సర్ వైరు పీకేస్తే ముల్లు చల్లటి వైపు పడిపోవాలి. పీకినా పైనే ఉంటే ఆ వైరు దారిలో ఎక్కడో బాడీకి తగులుతోంది. పడిపోతే వైరింగ్ బాగున్నట్టే, తేడా సెన్సర్‌ది కావచ్చు, నిజంగా వేడెక్కుతుండొచ్చు కూడా. సెన్సర్ కొత్తది వేసేటప్పుడు మర మీద టెఫ్లాన్ టేపు మందంగా చుట్టకండి, దాని ఎర్త్ ఆ మర ద్వారానే.

ఆయిల్ లైట్ తాళం ఆన్ చెయ్యగానే వెలగాలి, స్టార్ట్ కాగానే ఆరాలి. నడుస్తుండగా వెలిగితే ముందు ఇంజన్ ఆపి డిప్‌స్టిక్‌తో ఆయిల్ ఎంతుందో చూడండి, ఆ లైట్‌ని వెలిగించే ఆయిల్ స్విచ్ సంగతి తర్వాత. బ్యాటరీ లైట్ తాళం ఆన్ చేసినా వెలక్కపోతే ఆ బల్బు తప్పకుండా మార్చండి, చాలా పాత ఆల్టర్నేటర్లు ఆ బల్బులోంచి వచ్చే కరెంటుతోనే చార్జింగ్ మొదలుపెడతాయి. అక్కడ ఎల్ఈడీ పెడితే ఆ కరెంటు చాలకపోవచ్చు, మామూలు బల్బే వెయ్యండి.

స్పీడోమీటర్ ముల్లు ఊగుతుంటే వైర్లు వెతక్కండి, ఈ బండ్లలో అది కేబుల్‌తో తిరిగేది. తీసి తుడిచి కింది భాగానికి పల్చగా గ్రీజు రాయండి, పైన మీటర్ దగ్గర రాస్తే లోపలికి ఎక్కుతుంది.

మీటర్ బయటికి తీయాల్సి వస్తే స్పీడో కేబుల్ ముందు విప్పండి, లాగితే విరుగుతుంది. వెనక పల్చటి ప్లాస్టిక్ మీద రాగి గీతలుంటాయి, నల్లబడిన చోట పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దండి. గీత చీలి ఉంటే ప్లాస్టిక్ మీదే సోల్డరింగ్ పెట్టొద్దు, కరిగిపోతుంది, రెండు చివర్ల టెర్మినల్స్ మధ్య సన్న వైరు వెయ్యండి. అలాగే తర్వాత పెట్టించిన స్టీరియో, రివర్స్ హారన్ వైర్లు ఎక్కడ కలిపారో చూడండి, మీటర్ వైరుని గిల్లి, మెలితిప్పి, టేపు చుట్టి వదిలేసిన జాయింట్లు చాలా బండ్లలో ఉంటాయి.

ఇన్ని చూశాక కూడా మీటర్‌కి కరెంటు వస్తోంది, ఎర్త్ బాగుంది, బల్బు పరీక్షకి ముల్లు కదలట్లేదు అంటే అప్పుడు మీటర్ పోయినట్టే. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో వెతికేటప్పుడు పాతది చేత్తో పట్టుకెళ్లండి, అదే మోడల్, అదే తయారీది తీసుకోండి, ఫ్లోట్ రెసిస్టెన్స్ (ఓమ్స్) మీటర్‌కి సరిపోకపోతే కొత్తది పెట్టినా సగం ట్యాంకుని ఫుల్ అని చూపిస్తుంది.