ఇంగ్లండ్‌లో అద్దె ఇల్లు చివరి నిమిషంలో చేజారుతోందా? లక్షణం, కారణం, పరిష్కారం

పెళ్ళయిన కొత్తలో ఇంగ్లండ్ చేరి, కొన్నాళ్ళు నలుగురితో కలిసి ఉండే ఇంట్లో ఒక గదితో సర్దుకుని, ఆ తరువాత తమకంటూ ఒక పడకగది ఇల్లు వెతుక్కునే తెలుగు జంటలు నాకు ఫోన్ చేసి చెప్పే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: ఇళ్ళు లేవు, ఉన్నా మనకివ్వరు. స్లౌ, రెడింగ్, మిల్టన్ కీన్స్ వైపు ఇలాంటి వెతుకులాటలు చాలా దగ్గరగా చూశాను. ఇళ్ళకు పోటీ ఉన్నమాట, అద్దెలు భారంగా ఉన్నమాట నిజమే. అయితే తమ తాహతుకు తగిన ఇల్లు దొరికాక కూడా దాన్ని పోగొట్టుకున్నవారిలో ఎక్కువమంది కాగితాల దగ్గరే పోగొట్టుకున్నారు. రైట్‌మూవ్, జూప్లా, ఓపెన్‌రెంట్ వంటి అద్దె ఇళ్ళ వెబ్‌సైట్లలో ఎలా వెతకాలో, ఇల్లు చూడడానికి సమయం ఎలా అడగాలో మీకు తెలుసని అనుకుని మొదలుపెడుతున్నాను. ఇక్కడ చెప్పే చట్టాలు ఇంగ్లండ్‌కు మాత్రమే వర్తిస్తాయి. స్కాట్లండ్, వేల్స్‌లలో అద్దె చట్టాలు వేరు.

అన్నిటికన్నా ముందు షేర్ కోడ్

ఇంగ్లండ్‌లో 2016 ఫిబ్రవరి నుంచి, అద్దెకు దిగే ప్రతి వయోజనుడికీ ఈ దేశంలో అద్దెకు ఉండే హక్కు ఉందో లేదో ఇంటి యజమాని గానీ ఏజెంటు గానీ పరిశీలించి తీరాలి. వీసా మీద ఉన్నవారికి ఇప్పుడు ఆ పరిశీలన ఈ-వీసాలోంచి, అంటే ఆన్‌లైన్ ఖాతాలో ఉండే వీసాలోంచి, తీసే షేర్ కోడ్‌తో జరుగుతుంది; మీ వీసా వివరాలను అవతలివారు ఆన్‌లైన్‌లో చూడడానికి ఇచ్చే కోడ్ అది. ఉద్యోగంలో చేరినప్పుడు తీసిన కోడ్‌నే ఏజెంటుకూ పంపించి, అది ఎందుకు తెరుచుకోవడం లేదో తెలియక వారం రోజులు ఎదురుచూసిన జంటలను లెక్కపెట్టడం నేను ఎప్పుడో మానేశాను. ఉద్యోగం కోసం తీసే కోడ్ ‘డబ్ల్యూ’ అక్షరంతోనూ, ఇంటి కోసం తీసేది ‘ఆర్’ అక్షరంతోనూ మొదలవుతాయి. ఒకదాని బదులు మరొకటి పనికిరాదు. తీసిన 90 రోజుల తరువాత కోడ్ చెల్లదు. భార్యకొకటి, భర్తకొకటి విడివిడిగా కావాలి. మధ్యలో పాస్‌పోర్టు మార్చుకున్నవారు కొత్త పాస్‌పోర్టు వివరాలను తమ వీసా ఖాతాలో చేర్చారో లేదో కూడా ఇప్పుడే చూసుకోవాలి. ఇదంతా పది నిమిషాల పని. దీన్ని దాటేసి ‘మార్కెట్ బాగాలేదు’ అనేవారితో నాకు ఓపిక తగ్గిపోయింది.

లక్షణం: ఎన్ని మెసేజ్‌లు పెట్టినా జవాబు రావడం లేదు

వెబ్‌సైట్ ముందుగానే నింపిపెట్టిన నాలుగు ముక్కల్నే మీరూ పంపిస్తున్నారన్నమాట. ఇద్దరి ఉద్యోగాలు, ఇద్దరి ఆదాయం కలిపి ఎంతో, ఏ తేదీకి దిగగలరో, ఏ రోజుల్లో ఇల్లు చూడగలరో ఐదు వాక్యాల్లో రాసి, ప్రకటన వచ్చిన రోజే ఫోన్ కూడా చెయ్యండి. ఫోన్‌లో మాట్లాడడానికి మొహమాటపడి మెసేజ్‌లతోనే నెట్టుకొచ్చేవారికి సాయంత్రానికల్లా ఆ ఇల్లు ఉండదు.

లక్షణం: ఇల్లు నచ్చింది, ఆదాయం చాలదన్నారు

ఏజెంట్లు ఎక్కువగా వాడే లెక్క ఒకటుంది: అద్దెదారుల ఏడాది ఆదాయం నెల అద్దెకు కనీసం 30 రెట్లు ఉండాలి. ఇది చట్టం కాదు, అలవాటు. అద్దె 1,350 పౌండ్లయితే ఆదాయం 40,500 ఉండాలి. భర్తకు 34,000, భార్యకు పార్ట్‌టైమ్ పనిలో 14,000 వస్తున్నాయనుకుందాం. ఇద్దరివీ కలిపితే 48,000 కాబట్టి దర్జాగా సరిపోవాలి. అయినా తిరస్కారం వస్తుంది, ఎందుకంటే దరఖాస్తులో భర్త ఒక్కడే అద్దెదారు. భార్యను ‘ఆ ఇంట్లో ఉండే మరో వ్యక్తి’ అనే గడిలో రాశారు. ఆ గడిలో ఉన్నవారి ఆదాయాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, 34,000 మీద వచ్చే అద్దె 1,133 పౌండ్ల దగ్గర ఆగిపోతుంది.

‘పెద్ద జీతం ఆయనదే కదా, ఆయన పేరు చాలు’ అనే మన ఇళ్ళ అలవాటు ఇక్కడ ఇల్లు దొరక్కుండా చేస్తుంది. ఇద్దరూ సమాన అద్దెదారులుగా దరఖాస్తు చెయ్యండి, ఇద్దరివీ చివరి మూడు నెలల పేస్లిప్‌లు జతచెయ్యండి. అలా చేసినప్పుడు మొత్తం అద్దెకు ఇద్దరూ ఉమ్మడిగా బాధ్యులవుతారని, ఒకరి ఉద్యోగం పోతే రెండోవారిని పూర్తి అద్దె అడగవచ్చని తెలిసే సంతకం పెట్టండి.

లెక్క ఇంకా చాలకపోతే అద్దె ఒక్కదాన్నే కాకుండా కౌన్సిల్ టాక్స్ (స్థానిక సంస్థకు కట్టే ఇంటి పన్ను), రైలు పాస్, కరెంటు, గ్యాస్ కలిపి ఇళ్ళను పోల్చండి. ఊరికి దూరంగా 150 పౌండ్లు తక్కువకు దొరికిన ఇల్లు రైలు పాస్ కొనేసరికి ఖరీదైన ఇల్లు అవుతుంది. ఇద్దరిలో ఒకరు పూర్తికాల విద్యార్థి అయితే కౌన్సిల్ టాక్స్ లెక్కలో వారిని వదిలేస్తారు కాబట్టి 25 శాతం తగ్గింపు వస్తుంది. అడిగితేనే వస్తుంది.

లక్షణం: ఆదాయం సరిపోయింది, హోల్డింగ్ డిపాజిట్ కట్టాం, రెఫరెన్సింగ్‌లో పోయింది

నన్ను బాగా మోసం చేసిన కారణం ఇక్కడే దాక్కుని ఉంటుంది. కొన్నేళ్ళ కిందట రెడింగ్‌లో నాకు తెలిసిన ఒక జంట 1,350 పౌండ్ల ఇంటిని తమకోసం ఆపి ఉంచడానికి వారం అద్దె, అంటే 311 పౌండ్లు, హోల్డింగ్ డిపాజిట్ కట్టారు. జీతాలు సరిపోయాయి, అప్పులు లేవు, పాత ఇంట్లో ఒక్క నెల అద్దె కూడా ఆలస్యం చెయ్యలేదు. నాలుగు రోజుల తరువాత ‘అన్నా, ఇల్లు పోయింది’ అని ఫోన్. పైగా వారు తప్పుడు వివరాలు ఇచ్చారంటూ ఏజెంటు డిపాజిట్ కూడా ఆపేశాడు. మనవాళ్ళకు ఇల్లివ్వడం ఇష్టంలేకే అలా చేశారని నేనూ వారితో గొంతు కలిపాను. రెండో ఇల్లు కూడా అలాగే పోయినప్పుడు గానీ ఆ ఇద్దరి కాగితాలన్నీ ఒక బల్ల మీద పరిచి చూడాలన్న బుద్ధి నాకు పుట్టలేదు.

రెఫరెన్సింగ్ అంటే అద్దెదారుల వివరాలు నిజమో కాదో సరిచూడడం. ఆ పని చేసే సంస్థ ముఖ్యంగా మూడు పనులు చేస్తుంది: క్రెడిట్ రికార్డు, అంటే మీ అప్పుల, చెల్లింపుల చరిత్ర, చూస్తుంది, ఉద్యోగం ఇచ్చినవారిని అడుగుతుంది, పాత ఇంటి యజమానిని అడుగుతుంది. మూడింటికీ ఆధారం దరఖాస్తులో మీరు రాసిన పేరు, పుట్టిన తేదీ, చిరునామా. మన పేర్లకు ఇంటిపేరు ముందుంటుంది, దాని వెనక రెండు మూడు పేర్లుంటాయి, పదో తరగతి సర్టిఫికెట్ మీద అవన్నీ పొడి అక్షరాలవుతాయి, పాస్‌పోర్టు దగ్గరకు వచ్చేసరికి ఆ పొడి అక్షరాలు మళ్ళీ విచ్చుకుంటాయి. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది, పేరంతా ఒకే గడిలో ఉంటుంది. ఇంగ్లండ్‌లో ప్రతి సంస్థా ఆ పేరును తనకు తోచినట్టు రెండుగా విరుస్తుంది.

ఆ అబ్బాయి విషయంలో జరిగింది ఇదే. పాస్‌పోర్టులో ఇంటిపేరు, దాని తరువాత నాలుగు పేర్లు సవ్యంగానే ఉన్నాయి. బ్యాంకు మొదటి పేరును, ఇంటిపేరును మాత్రమే ఉంచుకుంది. కంపెనీ జీతాల జాబితాలో పొడి అక్షరాలు, చివర పిలుపు పేరు ఉన్నాయి. దరఖాస్తులో అతను స్నేహితులు పిలిచే పేరును, ఇంటిపేరును రాశాడు. రెఫరెన్సింగ్ వారు అడిగితే, ఆ పేరుతో మా దగ్గర ఎవరూ పనిచెయ్యడం లేదని కంపెనీ నిజాయితీగానే జవాబిచ్చింది. అమ్మాయిది ఇంకో చిక్కు: పాస్‌పోర్టులో, బ్యాంకులో పుట్టింటి ఇంటిపేరు, దరఖాస్తులో భర్త ఇంటిపేరు. పేరు మార్చుకున్న కాగితం ఏదీ లేదు. ఆమె పేరు మీద బ్రిటన్‌లో ఎలాంటి ఆర్థిక చరిత్రా కనబడలేదు.

పేర్ల సంగతి ఇలా ఉంటే చిరునామా ఇంకో మెలిక. వారు ఉన్నది ఒక పాత వరస ఇంటిని విడగొట్టి చేసిన మేడ మీది ఫ్లాటు. బ్యాంకులో ‘మొదటి అంతస్తు ఫ్లాటు, 14’, డ్రైవింగ్ లైసెన్సులో ‘14ఏ’, కౌన్సిల్ టాక్స్ బిల్లులో ‘ఫ్లాట్ 2, 14’ అని ఉంది. మనిషి చూస్తే మూడూ ఒకే ఇల్లని తెలుస్తుంది. యంత్రం చూస్తే ముగ్గురు మనుషులు మూడు ఇళ్ళలో ఉన్నట్టు. ఉమ్మడి ఇంట్లో గదికి ఉండి ‘రూమ్ 3’ అని చిరునామాలో రాసుకున్నవారికీ ఇదే గతి.

దీన్ని సరిచెయ్యడానికి ఒక వరస ఉంది, ఆ వరస తప్పితే పని రెండింతలవుతుంది. పాస్‌పోర్టులో ఉన్న పేరును మూలంగా తీసుకోండి, అది మీకు నచ్చినా నచ్చకపోయినా. ఈ-వీసాలో పేరు దానితో సరిపోలుతోందో చూసి, తేడా ఉంటే ప్రభుత్వ వెబ్‌సైటులో ఆ తప్పును తెలియజేయండి. ఆ తరువాత పాస్‌పోర్టు తీసుకుని బ్యాంకుకు వెళ్ళి పూర్తి పేరు నమోదు చేయించండి. ఫోన్‌లో చెబితే అరకొరగా మారుస్తారు. కంపెనీ మానవ వనరుల విభాగానికి రాసి జీతాల జాబితాలో కూడా అదే పేరు పెట్టించండి. చిరునామాకు రాయల్ మెయిల్ వెబ్‌సైటులో మీ పోస్ట్‌కోడ్ కొడితే వచ్చే రూపాన్నే ప్రమాణంగా తీసుకుని, బ్యాంకులో, లైసెన్సులో, ఫోన్ బిల్లులో అక్షరం తేడా లేకుండా ఉంచండి.

ఇక చాలామంది తెలుగువారు నమ్మని విషయం ఒకటుంది. భారతీయ పౌరులు కామన్వెల్త్ పౌరులు కాబట్టి, వీసా మీద ఇంగ్లండ్‌లో చట్టబద్ధంగా నివసిస్తున్నవారు ఇక్కడి ఓటరు జాబితాలో చేరవచ్చు, ఓటు కూడా వెయ్యవచ్చు. దీనివల్ల వీసాకు గానీ భారత పౌరసత్వానికి గానీ ఏమీ కాదు. ‘మనం పౌరులం కాదు కదా’ అని వదిలేసిన ఈ ఒక్క నమోదు, క్రెడిట్ రికార్డులో పేరును, చిరునామాను ముడివేసే గట్టి ఆధారాల్లో ఒకటి. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరుతో ప్రభుత్వ వెబ్‌సైటులో ఐదు నిమిషాల్లో అయిపోతుంది. భార్యాభర్తలు ఎవరికి వారు చేసుకోవాలి. శరదృతువులో కౌన్సిళ్ళు ఇంటింటి వివరాలను సరిచూసి డిసెంబరులో కొత్త జాబితా ఇస్తాయి కాబట్టి, సెప్టెంబరులో నమోదు చేసుకున్నవారు కొంత ఆలస్యానికి సిద్ధపడాలి.

చివరగా ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ సంస్థల నుంచి మీ క్రెడిట్ రిపోర్టులు తెప్పించుకోండి. చట్టప్రకారం ఇవి ఉచితం. ఒకటి చూసి ఊరుకోవద్దు. ఏజెంటు వాడే సంస్థ ఏదో మీకు తెలియదు. స్కోరు ఎంతన్నది కాదు, పేరు, చిరునామా ఎలా ఉన్నాయన్నది చూడండి. తేడా కనబడితే సవరించమని ఆ సంస్థకే రాయండి. విడిపోయిన రికార్డులను కలపమనీ అడగవచ్చు. బ్యాంకులు వివరాలు పంపేది సాధారణంగా నెలకొకసారి కాబట్టి, ఈ పనంతా ఇల్లు వెతకడానికి కనీసం రెండు నెలల ముందు మొదలుకావాలి. ఇల్లు నచ్చాక మొదలుపెడితే ఆ ఇంటికి అందదు.

దరఖాస్తు నింపేటప్పుడు పాస్‌పోర్టును పక్కన తెరిచిపెట్టుకోండి. వేరే పేర్లు వాడారా అని అడిగే గడి ఉంటే దాన్ని ఖాళీగా వదలకండి. కంపెనీలో ఉన్న పేరు, పాత ఇంటి యజమానికి తెలిసిన పేరు అక్కడ రాయండి.

హోల్డింగ్ డిపాజిట్ మాట కూడా చెప్పాలి. 2019లో వచ్చిన అద్దెదారుల రుసుముల చట్టం ప్రకారం అది వారం అద్దెకు మించకూడదు, రెఫరెన్సింగ్‌కు విడిగా డబ్బు వసూలు చెయ్యకూడదు. తప్పుదారి పట్టించే వివరాలిచ్చారని డిపాజిట్ ఆపేస్తే, కారణాన్ని ఏడు రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయాలి. మన జంట పాస్‌పోర్టు నకళ్ళు, కంపెనీ ఉత్తరం జతచేసి, ఇది ఒకే మనిషి పేరుకు ఉన్న రెండు రూపాలే తప్ప అబద్ధం కాదని రాశాక 311 పౌండ్లు వెనక్కి వచ్చాయి. ఇల్లు మాత్రం రాలేదు.

లక్షణం: ఆరు నెలల అద్దె ముందే కడతామన్నా ఒప్పుకోవడం లేదు

ఆ జంట చివరికి మూడో ఇంటికి ఆరు నెలల అద్దె ముందే కట్టి దిగారు. ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది. అద్దెదారుల హక్కుల కొత్త చట్టం ప్రకారం 2026 మే 1 నుంచి, ఒప్పందం మీద సంతకాలయ్యేదాకా అద్దె తీసుకోకూడదు, సంతకాలయ్యాక కూడా ఒక నెల అద్దెకు మించి ముందుగా అడగకూడదు. ప్రకటనలో రాసిన అద్దెకన్నా ఎక్కువ ఇస్తామన్నా తీసుకోకూడదు. ఊరి నుంచి డబ్బు తెప్పించి మొత్తం ముందే కట్టేద్దామనుకునే జంటలకు ఇది ఇబ్బందిగా తోచవచ్చు గానీ, రెఫరెన్సింగ్ సవ్యంగా ఉండడం ఇదివరకటికన్నా ముఖ్యమయిందని దీని అర్థం.

రికార్డు మరీ పలుచగా ఉంటే హామీదారు కావాలి. ఆ వ్యక్తి బ్రిటన్‌లో ఉండాలని, ఆదాయం నెల అద్దెకు 36 రెట్లు ఉండాలని సాధారణంగా అడుగుతారు. మీరు కట్టకపోతే వారు కట్టాలి కాబట్టి, స్నేహితుణ్ణి అడిగే ముందు ఆ మాట అతనికి స్పష్టంగా చెప్పండి. రుసుము తీసుకుని హామీ ఉండే సంస్థలూ ఉన్నాయి. ఆ రుసుము తిరిగి రాదు.

మిగిలినవి

స్థానిక కౌన్సిల్ అద్దెకిచ్చే ఇళ్ళకు దరఖాస్తు చేశాం, తోసిపుచ్చారంటే, మీ వీసాలో ప్రభుత్వ నిధులకు అర్హత లేదన్న షరతు ఉంటుంది. అక్కడితో ఆ ఆశ వదిలెయ్యండి. అద్దె నమ్మలేనంత తక్కువగా ఉండి, ఇల్లు చూపించకుండానే డబ్బు పంపమంటే అది మోసం. అనుమానంగా ఉంటే 7 పౌండ్లు కట్టి భూమి రిజిస్ట్రీలో యజమాని పేరు చూసుకోండి. పిల్లలున్నారని ఇల్లు ఇవ్వకపోవడం 2026 మే 1 నుంచి చట్టవిరుద్ధం. వివక్ష ఉండదని నేను అనను. కాగితాలన్నీ ఒకే పేరుతో, ఒకే చిరునామాతో ఉన్నప్పటికీ తిరస్కారం వస్తే, కారణాన్ని రాతపూర్వకంగా అడిగి, ఏజెంటు సభ్యుడిగా ఉన్న ఫిర్యాదుల సంస్థకు రాయండి.

ఇల్లు చేతికొచ్చాక కట్టే డిపాజిట్ ఐదు వారాల అద్దెకు మించకూడదు, 1,350 అద్దె ఉన్న ఇంటికి 1,557 పౌండ్లు. దాన్ని 30 రోజుల్లోగా గుర్తింపు పొందిన మూడు పథకాల్లో ఒకదానిలో భద్రపరచి మీకు కాగితం ఇవ్వాలి. ఆ కాగితం మీద కూడా ఇద్దరి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉన్నాయో లేదో చూసుకోండి.