బెజవాడ దృశ్యమాలిక వేసేవారికి స్టూడియో పద్ధతులు

ఒక నగరాన్ని పది పన్నెండు చిత్రాలలో చూపదలచినవారు కాన్వాసు కొలత, దాని మీద పూసే అడుగు రంగు, ప్యాలెట్‌లో ఉంచుకునే రంగులు ఏవో ముందే నిర్ణయించుకొని, చివరి చిత్రం పూర్తయ్యేదాకా వాటిని మార్చకుండా ఉండాలి. నా మొదటి ప్రయత్నంలో దృశ్యాన్ని బట్టి కొలత మార్చుకుంటూ పోయాను. అన్నిటినీ ఒక గోడకు తగిలించి చూస్తే నాలుగు ఊళ్ల చిత్రాలను కలిపి పెట్టినట్లు కనిపించింది. ఇప్పుడు 18 అంగుళాలకు 24 అంగుళాల కొలతనే వాడుతున్నాను.

కాన్వాసుకు రెండు పూతలు గెస్సో (రంగు పట్టడానికి వేసే తెల్లని అడుగుపూత) వేసి, ఆరాక ఎల్లో ఓకర్ అనే మట్టి పసుపులో కొద్దిగా బర్న్ట్ సియన్నా అనే ఎర్రమట్టి గోధుమరంగు కలిపి పలచగా పూయాలి. ఆ మట్టిరంగు అక్కడక్కడా పైకి కనబడుతూ చిత్రాలన్నిటినీ కలుపుతుంది. నల్లరంగు ట్యూబును పక్కన పెట్టి, అల్ట్రామెరీన్ నీలంలో బర్న్ట్ సియన్నా కలిపితే చాలు: నీలం పాలు ఎక్కువైతే కాలువ వంతెన కింది చల్లని నీడ వస్తుంది, సియన్నా ఎక్కువైతే ఎండకు కాగిన సిమెంటు గోడ వస్తుంది.

వీధిలో చేసే పని పావుగంటకు మించనక్కరలేదు. బీసెంట్ రోడ్డులోనైనా, ఏలూరు కాలువ గట్టునైనా వెలుగు, నడిమి ఛాయ, నీడ అనే మూడు మెట్లలో స్కెచ్ పుస్తకంలో పెన్సిలుతో గీసుకొని, పక్కనే సమయమూ సూర్యుడున్న దిక్కూ కనిపించిన రంగులూ రాసుకోవాలి. మే నెల మధ్యాహ్నం ఎండ నడినెత్తిన ఉండటంతో గోడలకు నీడే ఉండదు, వీధి చదునైపోతుంది. కాబట్టి ఉదయం ఎనిమిదిలోపు, లేదా సాయంత్రం నాలుగున్నర తరువాత వెళ్లడం మంచిది. ఫోన్ కెమెరా ఎదురెండలో నీడలను నల్లగా ముంచి ఆకాశాన్ని తెల్లబరుస్తుంది. అందువల్ల ఫొటోను కరెంటు తీగలకూ దుకాణాల బోర్డులకూ మాత్రమే నమ్మి, రంగులను పుస్తకంలో రాసుకున్న మాటల నుంచే తీసుకోవాలి. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లున్నాయి. వాటన్నిటినీ లెక్కపెట్టి వేస్తే అది ఇంజినీరు గీసిన పటమవుతుంది; దగ్గరివి ఐదారు స్పష్టంగా చూపి, తక్కినవాటిని దూరపు మసకలో కలిపేయాలి.

నేరుగా ఎండ పడకుండా స్టూడియోకు ఉత్తరపు కిటికీ ఉండాలన్న పాఠం చలిదేశాల నుంచి వచ్చింది. మన ఊరు పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందువల్ల, మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపుకే వాలి ఉంటాడు. ఆ రోజుల్లో కిటికీకి తెల్లని పలుచటి గుడ్డ కట్టకపోతే, కాన్వాసు మీద గంటకో రంగు కనిపిస్తుంది.

వేసవిలో ఆక్రిలిక్ రంగు ప్యాలెట్ మీదే గట్టిపడుతుంది. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో తడిగుడ్డ పరచి, దాని మీద బటర్ పేపరు వేసి రంగులు పెట్టుకుంటే అవి మరునాటికీ పనికివస్తాయి. ఫ్యాను గాలి నేరుగా తగలనివ్వకూడదు. ఆరిపోతోందని రంగులో నీళ్లు పోస్తూ పోతే పూతకు పట్టు తగ్గుతుంది.

నాలుగు కాన్వాసులను ఒకేసారి మొదలుపెట్టి, నీడల బూడిదరంగును ఒకసారే ఎక్కువగా కలిపి, ఆ రోజు నాలుగింటికీ అదే వేయాలి. సాయంత్రం వాటిని గోడ వెంట వరుసగా నిలబెట్టి, పదడుగుల దూరం నుంచి చూసి, ఫోన్‌లో నలుపుతెలుపు ఫొటో తీస్తే, ఏ చిత్రంలో నీడ మరీ బరువెక్కిందో వెంటనే తెలిసిపోతుంది. ఒక చిత్రాన్ని ముగించి మరొకటి పట్టుకునే పద్ధతిలో ఈ పోలికకు అవకాశం ఉండదు.

పూర్తయినవాటి వెనుక స్థలం, సమయం, తేదీ రాసి నిలువుగా పెట్టాలి. వేడికి ఆక్రిలిక్ పూత మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటుంది కనుక, మూలల్లో అట్టముక్కలు ఉంచి చిత్రాల ముఖాలు తాకకుండా చూసుకోవాలి.