గోడలో చెమ్మ: థర్మల్ కెమెరాతో లీకు పట్టుకున్న తీరు

విశాఖపట్నంలోని మా ఇంట్లో స్నానాలగదిని ఆనుకొని ఉన్న పడకగది గోడకు ఎన్నిసార్లు రంగు వేయించినా పెచ్చులు ఊడుతూనే ఉండటంతో, గోడ పగలగొట్టించే ముందు థర్మల్ కెమెరాతో పరీక్షించాను. ఆ కెమెరా నీటిని చూడదు. గోడ ఉపరితలపు ఉష్ణోగ్రతలోని తేడాను మాత్రమే చూపుతుంది. తడి ఆరుతూ వేడిని లాగుకుంటుంది గనుక చల్లబడిన చెమ్మ మేర కెమెరా తెరపై నీలంగా కనిపించింది. ఏసీ గాలి తగిలిన చోటు కూడా అలాగే కనిపించవచ్చు కాబట్టి, ఏసీ ఆపి, గోడలోని తడిని కొలిచే మాయిశ్చర్ మీటరు ఆనించి నిర్ధారించుకున్నాను.

లీకు ఎక్కడిదో తేల్చింది మాత్రం గీజరే. వేడినీళ్ల కుళాయి తిప్పి ఉంచగా, గోడలోపలి పైపు దారి తెరపై పసుపు గీతలా తేలి, ఎల్బో (పైపు మలుపు తిరిగే చోటి అతుకు) దగ్గర కిందికి పాకుతూ వెడల్పయింది. స్నానాలగది వైపు ఒక్క టైలు తీయించి, చిట్లిన సీపీవీసీ (వేడినీళ్లకు వాడే ప్లాస్టిక్) ఎల్బో మార్పించాను. మీటరు అంకె పొడిగోడ అంకెకు దిగేదాకా పుట్టీ పెట్టనివ్వలేదు.