గీత ఎక్కడ గీస్తున్నారో చూడండి: వైల్డర్‌నెస్ చర్చలో పాల్గొనే పద్ధతి

అమెరికాలోని జాతీయ అడవుల్లో ఏదైనా ఒక భాగాన్ని వైల్డర్‌నెస్‌గా, అంటే రోడ్లు, మోటార్లు లేకుండా సహజ స్థితిలో ఉంచేలా చట్టం కాపాడే ప్రాంతంగా, ప్రకటించాలన్న ప్రతిపాదన రాగానే ఊరి సమావేశ మందిరం రెండుగా చీలిపోతుంది. అడవిని కాపాడాలనేవారు ఒక వైపు, దారులు మూయవద్దనేవారు మరో వైపు. నేను ఆ అడవుల్లో నడుస్తాను, సైకిల్ తొక్కుతాను, వేసవిలో దారులు బాగుచేసే స్వచ్ఛంద బృందంతో పనికి వెళ్తాను. అందువల్ల రెండు వైపుల వాళ్లూ నాకు కావలసినవాళ్లే. ఈ సమావేశాల్లో తెలుగువాళ్లు అరుదుగా కనిపిస్తారు, వారాంతాల్లో అవే దారుల్లో మాత్రం ఎంతోమంది ఎదురవుతారు. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను.

ముందుగా అసలు చట్టాన్ని చదవండి. 1964 సెప్టెంబరు 3న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేసిన వైల్డర్‌నెస్ చట్టం పెద్దదేమీ కాదు, ఒక సాయంత్రం కూర్చుంటే పూర్తవుతుంది. దాని ముసాయిదా రాసి, ఎనిమిదేళ్లపాటు దానికోసం పాటుపడిన హోవర్డ్ జానైజర్ ఆ సంతకాన్ని చూడకుండానే అదే ఏడాది మే నెలలో కన్నుమూశారు. ఆయన అంత ఓపికగా చెక్కిన వాక్యాలను చదవకుండా వాటి గురించి వాదించడం న్యాయం కాదు. నాలుగో సెక్షన్ దగ్గర నిదానించండి. రోడ్లు, మోటారు వాహనాలు, మోటారుతో నడిచే పనిముట్లు, విమానాలు దింపడం, ఇతర యాంత్రిక రవాణా, కట్టడాలు, వ్యాపార సంస్థలు కూడదని అక్కడ ఉంది. నడకకు, గుర్రాలకు, గుడారాలకు, చేపలు పట్టడానికి అడ్డు లేదు. జాతీయ అడవుల్లోనైతే సాధారణంగా వేటకూ అడ్డు ఉండదు. అంతకుముందు నుంచే సాగుతున్న పశువుల మేత కొనసాగవచ్చు. మంటలను, చీడలను, తెగుళ్లను అదుపుచేసే చర్యలకు వీలుంది. చక్రాల కుర్చీ విషయాన్ని 1990 నాటి వికలాంగుల హక్కుల చట్టం తేల్చింది, దాన్ని వైల్డర్‌నెస్‌లోకి తీసుకెళ్లవచ్చు. సమావేశంలో ఎవరైనా లేచి "ఇక మంటలు కూడా ఆర్పనివ్వరు" అంటే, కోప్పడకుండా ఆ భాగం చదివి వినిపించండి. గదిలో వేడి సగం తగ్గుతుంది.

సైకిళ్ల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ గొడవ అక్కడే. చట్టంలో సైకిల్ పేరు లేదు. "యాంత్రిక రవాణా"లో సైకిల్ కూడా వస్తుందని జాతీయ అడవులను చూసుకునే ఫారెస్ట్ సర్వీస్ 1984లో నిబంధనల్లో స్పష్టం చేసింది. దీన్ని మార్చాలని 2016లో సెనేటర్ మైక్ లీ ఒక బిల్లు తెచ్చారు, అది చట్టం కాలేదు. ఆ మరుసటి ఏడాది దిగువ సభలో అలాంటి బిల్లే వస్తే, అంతర్జాతీయ మౌంటెన్ బైసిక్లింగ్ సంఘం కూడా దాన్ని సమర్థించలేదు. కాబట్టి ఊరి సమావేశంలో "వైల్డర్‌నెస్‌లో సైకిళ్లు ఉండవచ్చా" అన్న ప్రశ్న మీద గంటలు పోగొట్టుకోకండి. దాన్ని తేల్చే అధికారం ఆ గదిలో ఎవరికీ లేదు. అక్కడ నిజంగా మారగలిగేది ఒక్కటే, మ్యాపు మీద సరిహద్దు గీత.

ఆ గీత ఎంత పని చేస్తుందో రెండు ఉదాహరణల్లో చూడవచ్చు. కొలరాడోలో డురాంగో దగ్గరి హెర్మోసా క్రీక్ విషయంలో గుర్రాలవాళ్లు, సైకిళ్లవాళ్లు, మోటారు సైకిళ్లవాళ్లు, పశువుల పెంపకందారులు, పర్యావరణ సంఘాలు ఏళ్ల తరబడి ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. 2014 డిసెంబరులో వచ్చిన చట్టం 37 వేల ఎకరాలకు పైగా వైల్డర్‌నెస్ చేసింది. దాదాపు 70 వేల ఎకరాలను ప్రత్యేక నిర్వహణ ప్రాంతంగా ఉంచింది. పేరున్న హెర్మోసా క్రీక్ దారి వైల్డర్‌నెస్ బయటే ఉండిపోయింది, సైకిళ్లు ఇప్పటికీ వెళ్తున్నాయి. ఆ మరుసటి ఏడాదే ఐడహోలో వైట్ క్లౌడ్స్ పర్వతాల దగ్గర వేరేలా జరిగింది. 2015 ఆగస్టులో దాదాపు 2 లక్షల 75 వేల ఎకరాలు మూడు వైల్డర్‌నెస్‌లయ్యాయి. సైకిళ్లవాళ్లు ప్రాణంగా చూసుకునే కాసిల్ డివైడ్, యాంట్స్ బేసిన్ దారులు గీత లోపలికి వెళ్లిపోయాయి. ఆ కొండల రక్షణను నేను మనస్ఫూర్తిగా కోరుకున్నాను. కానీ సైకిళ్లవాళ్లలో చాలామంది కూడా రక్షణే కోరారు, సైకిళ్లకు చోటుండేలా జాతీయ స్మారక ప్రాంతం (నేషనల్ మాన్యుమెంట్ అనే మరో రక్షిత హోదా) చేయమన్నారు. అలాంటి మిత్రులను దూరం చేసుకోవడం అడవికి మంచిది కాదు.

కాబట్టి ఇలా చేయండి. ప్రతిపాదన మ్యాపు తెచ్చుకుని, దాని మీద ఇప్పుడున్న దారులన్నీ గీయండి. ప్రతి దారికీ పేరు, నంబరు, దాని మీద ఎవరు వెళ్తున్నారు, ప్రకటన తర్వాత ఎవరు వెళ్లలేరు అని రాసుకోండి. గీత దారి మీదుగానే పోతోందా, దాటి పోతోందా చూడండి. చాలాచోట్ల గీతను కొన్ని వందల అడుగులు జరిపినా, దారి వరకు సన్నని పట్టీ వదిలినా సమస్య తీరిపోతుంది. దారి మొదలయ్యే చోటికి వెళ్లే రోడ్డు బయట ఉందా లోపల ఉందా అన్నది మరచిపోకండి. ఆ రోడ్డు మూసుకుపోతే పెద్దవాళ్లకు, చిన్నపిల్లలకు ఆ సరస్సు అందనంత దూరమైపోతుంది.

తర్వాత ఎవరూ అడగని ప్రశ్న ఒకటి అడగండి. ఈ దారిని రేపు ఎవరు బాగుచేస్తారు? వైల్డర్‌నెస్‌లో మామూలుగా మోటారు రంపం వాడరు. కాలిపోయిన అడవిలో ప్రతి శీతాకాలం చచ్చిన చెట్లు దారికి అడ్డంగా కూలుతూనే ఉంటాయి. వాటిని ఇద్దరు పట్టే పొడవాటి రంపంతో కోయాలి. ఇద్దరూ లాగడమే, ఎవరూ నెట్టకూడదు, నెడితే రేకు వంగుతుంది. దుంగ బరువుకు కోత మూసుకుపోయి రంపాన్ని పట్టేస్తే, పైనుంచి కోతలోకి వెడ్జ్ అనే ముక్కోణపు చీల దించి మళ్లీ మొదలుపెట్టాలి. ఆ పని నాకు చాలా ఇష్టం. కానీ దానికి మనుషులు కావాలి, శిక్షణ కావాలి. మా వైపు దారులు శుభ్రం చేసేవాళ్లలో సైకిళ్లవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు వెళ్లిపోతే వాళ్ల చోట ఎవరు వస్తారో ప్రతిపాదించినవాళ్లు చెప్పాలి. కాగితం మీద తెరిచి ఉన్న దారి, నిజానికి కూలిన చెట్ల కింద మాయమైపోవడం నేను చూశాను.

వైల్డర్‌నెస్ పక్షాన ఉన్న అన్నిటికన్నా బలమైన వాదన మన్నిక. అది అవతలివారు కూడా విని తీరాలి. అడవుల్లో కొత్త రోడ్లు వేయడాన్ని ఆపే 2001 నాటి రోడ్లు లేని ప్రాంతాల నిబంధన 5 కోట్ల 85 లక్షల ఎకరాలను కాపాడింది, పైగా అక్కడ సైకిళ్లకు అడ్డు లేదు. కానీ అది ప్రభుత్వ శాఖ చేసిన నిబంధన మాత్రమే, చట్టం కాదు. 2025లో ప్రభుత్వం దాన్ని ఎత్తివేస్తామని ప్రకటించింది. వైల్డర్‌నెస్‌ను ప్రకటించేది అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్, తీసేయాలన్నా కాంగ్రెసే తీసేయాలి. సైకిళ్లకు చోటిచ్చే వేరే హోదా అడిగేవారు, అదీ చట్టం ద్వారానే రావాలని పట్టుబట్టాలి. జాతీయ వినోద ప్రాంతం, ప్రత్యేక నిర్వహణ ప్రాంతం వంటివాటిని కాంగ్రెస్ చట్టంగానే ఇవ్వగలదు. ఆ నేలతో ఒప్పంద హక్కులున్న ఆదివాసీ తెగలు ఏమంటున్నాయో కూడా కనుక్కోండి. మన వినోదం కన్నా వాళ్ల మాట ముందు వినాలి.

మీ అభిప్రాయం ఎక్కడ చెప్పాలన్నది కూడా ముఖ్యం. అటవీ ప్రణాళికను సవరించేటప్పుడు ఫారెస్ట్ సర్వీస్ ఫలానా చోటును వైల్డర్‌నెస్ చేయమని సిఫారసు మాత్రమే చేస్తుంది. అయినా దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మోంటానాలోని కొన్నిచోట్ల సిఫారసు దశలోనే సైకిళ్లు ఆపేశారు. 2012 నాటి ప్రణాళికా నిబంధన ప్రకారం, ముసాయిదా దశలో విషయం ఉన్న వ్యాఖ్య రాసినవారికే తర్వాత అభ్యంతరం చెప్పే అర్హత ఉంటుంది. గడువు తేదీ ప్రకటనలో ఉంటుంది, ముందే రాసిపెట్టుకోండి. ఒకే నమూనా ఉత్తరాన్ని వందమంది పంపితే అది వంద ఓట్లు కాదు, ఒకే వ్యాఖ్యగా లెక్కకొస్తుంది. ఒక పేజీ మీ మాటల్లో రాయండి. "ఈ దారిలో చివరి మలుపు దాకా మా అమ్మాయి, నేను సైకిళ్ల మీద వెళ్తాం. అక్కడినుంచి పైకి నడుస్తాం. గీతను ఆ మలుపు దగ్గరికి జరిపితే కింది దారి మాకు ఉంటుంది, పై లోయకు పూర్తి రక్షణ దొరుకుతుంది." ఇలా రాస్తే చదివే ఉద్యోగి మ్యాపు తీసి చూడక తప్పదు.

బిల్లు దశకు వచ్చాక మీ ప్రతినిధి, సెనేటర్ల స్థానిక కార్యాలయాలకు అదే పేజీని, అదే మ్యాపును తీసుకెళ్లండి. వీలైతే మీతో విభేదించే ఒకరిని వెంట తీసుకెళ్లండి. రెండేళ్ల కాంగ్రెస్ కాలం ముగిసేలోపు ఆమోదం పొందని బిల్లు రద్దవుతుంది, మళ్లీ ప్రవేశపెట్టాల్సిందే. అలా తిరిగి వచ్చినప్పుడు వెంటనే కొత్త మ్యాపు అడిగి తీసుకుని, పాతదాని పక్కన పెట్టి ప్రతి దారినీ మళ్లీ సరిచూడండి.