వానలకు ముందు డాబా మీది డిష్ చూసుకోండి

జూన్ వచ్చేస్తోంది. హైదరాబాద్‌లో ఈదురుగాలులు మొదలయ్యాక మెకానిక్ కోసం తిరగడం కన్నా, డీడీ ఫ్రీ డిష్ ఉన్నవాళ్లు ఇప్పుడే ఇవి చూసుకుంటే నయం.

– ముందు కరెంటు తీగలు. మన గల్లీల్లో అవి పిట్టగోడను ఆనుకునే పోతాయి. డిష్ ఇనుప పైపు వాటికి తగిలితే ప్రాణమే పోతుంది. తీగలు దగ్గరగా ఉంటే మీరు చెయ్యి పెట్టొద్దు.

– సెట్‌టాప్ బాక్స్ ప్లగ్ తీశాకే కేబుల్ విప్పండి. ఎల్‌ఎన్‌బీకి (డిష్ ముందు కడ్డీ చివర సిగ్నల్ అందుకునే చిన్న పెట్టె) 13 లేదా 18 వోల్టులు ఆ కేబుల్‌లోంచే వెళ్తాయి. షార్టయితే బాక్స్ పోవచ్చు.

– ఎల్‌ఎన్‌బీ దగ్గర కనెక్టర్ విప్పి చూడండి. రాగి తీగకు పచ్చగా చిలుము పట్టిందా, నీళ్లు దిగినట్టే. ఆ ముక్క కోసేసి, కొత్త కనెక్టర్ వేసి, వాటర్‌ప్రూఫ్ టేపు చుట్టండి. బొమ్మ గళ్లుగళ్లుగా విరుగుతుంటే నేను ముందు అనుమానించేది దీన్నే.

– చెట్లు. ఫ్రీ డిష్ సిగ్నల్ పంపే ఉపగ్రహం జీశాట్-15 మనకు ఆగ్నేయంలో (వాస్తు ప్రకారం వంటగది మూల!) దాదాపు 63 డిగ్రీల ఎత్తున ఉంటుంది. దూరపు అపార్ట్‌మెంటు అడ్డం రాదు, పక్కింటి కొబ్బరిమట్ట వస్తుంది.

– నట్లు బిగించే ముందు డిష్ ఉన్న చోట మార్కర్‌తో గీత పెట్టుకోండి.

– జోరువానలో బొమ్మ పోతే డిష్ తిప్పకండి. ఫ్రీ డిష్ వాడే కేయూ బ్యాండ్ సిగ్నల్‌ను వాన మింగేస్తుంది, తగ్గగానే అదే వస్తుంది. తిప్పారంటే మాత్రం ఎండ కాసినా రాదు.